ట్యాంకు ముల్లు

మూడు కాలవలు విడిపోయే చోట మా ఊరు.
ఎటు కాలు జారినా నీళ్లే.
తాగే నీళ్లని మాత్రం
ఆకాశానికి ఎక్కించి దించుకోవాలి.

పన్నెండు కాళ్ల ట్యాంకు.
నెత్తిన, సిమెంటు అక్షరాల్లో, కట్టిన సంవత్సరం.
సున్నం పొరల కింద
చివరి అంకె మూడో ఎనిమిదో ఇప్పటికీ తేలలేదు.
కాళ్ల సందున గంటయ్య సైకిలు షాపు,
పెసరట్ల బండి,
ఎన్నికకో రంగు.

పక్కన నిలువు పలక మీద ఒక ముల్లు.
ట్యాంకు నిండుతుంటే దిగేది,
ఖాళీ అవుతుంటే ఎక్కేది.
ఈ తిరకాసేమిటని అడిగితే
వాల్వు తిప్పే యేసుపాదం నవ్వాడు:
"లోపల బెండు తేల్తదండి అమ్మాయిగారూ,
తాడు ఇవతలికి ఏలాడతది.
నిండితే కిందకే, ఆయ్."

తెల్లారి నాలుగున్నరకి
గునపమంత తాళంచెవి భుజాన వేసుకొచ్చి
రోడ్డు గుంతలోకి వంగి
పదకొండున్నర చుట్లు.
గొట్టాలు దగ్గి, ఉమ్మి,
అప్పుడు ధార.

మా మేనత్త రాజ్యం తడిచీరతో మొదటి బిందె పట్టి
ఎవరూ తగలకుండా లోపలికి మోసేది.
ఆ నీళ్లని వదిలిన చెయ్యే
మధ్యాహ్నం గుమ్మం ముందు దాహమడిగితే
దోసిట్లోకి పోసేది,
ట్యాంకంత ఎత్తు నుంచి.

నీరు పల్లమెరుగునంటారు.
ఊళ్లో అందరికంటే పల్లం వాళ్ల పేట.
అక్కడికి మాత్రం ఏడున్నరకి,
చిటికెన వేలంత.

గట్టు తెగిన ఆ రాత్రి
పేటంతా ఇనప మెట్లెక్కి
ట్యాంకు చుట్టూ ఉన్న సన్నటి వసారాలో కూర్చుంది.
కింద బురద గోదారి.
వీపుకి చల్లగా సిమెంటు గోడ,
గోడ వెనక ఊరందరి మంచినీళ్లు.
ఓ పిల్ల దాహమని ఏడిస్తే
యేసుపాదం పైమూత జరిపి
చెంబు ముంచాడట.
తర్వాత ఒక్కొక్కరూ అడిగారట.
ఊరికంటే ముందు పేట తాగడం
అదొక్కసారే.
ఈ సంగతి మా అత్తకి
ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

చేపల చెరువులొచ్చి బోర్లు ఉప్పెక్కాయి.
టిన్ను ఇరవై రూపాయలు, ఆటోలో ఇంటికే.
ట్యాంకు మీద ఎర్రరంగుతో 'శిథిలం' అని రాసి
కింది నాలుగు మెట్లూ కోసేశారు.
యేసుపాదం పోయి ఆరేళ్లు.

నిన్న పెసరట్టు కట్టించుకుంటూ తలెత్తి చూశాను.
తాడు తెగి
ముల్లు పలక అడుక్కి జారిపోయింది.
ఆయన చెప్పిన లెక్కలో
ట్యాంకు నిండుగా ఉంది.