చల్లటి ఇంజను

ఫోనులోనే చెప్పాను ఇద్దరికీ,
మేం వచ్చేదాకా బండి స్టార్టు చెయ్యొద్దని.

మొదటివాడు గుణుపురం బస్టాండు వెనక షెడ్డులో
అద్దంలా తుడిచి నిలబెట్టాడు.
ఎర్ర ట్యాంకు, కొత్త స్టిక్కర్లు,
టైర్లకి కూడా నల్లరంగు.
ఇంజను మీద అరచెయ్యి ఆనించాను.
జ్వరం బిడ్డ నుదురులా కాలింది.
పొద్దున్నుంచీ చెమటోడ్చి లేపుంటాడు దాన్ని,
మా ముందు ఒక్క కిక్కుకే లేవాలని.
"పద పిల్లా" అన్నాను.

అరుంధతికి లైసెన్సొచ్చి పదకొండు రోజులు.
రాయగడలో ఎనిమిది వెయ్యమంటే
రెండోసారికి వేసింది, కాలు కింద పెట్టకుండా.
ఇక టీకాల పెట్టె వెనక కట్టుకుని
వారానికి రెండు రోజులు కొండల మీదకి పోవాలి.
సగందాకా తారు,
తర్వాత ఎర్రమట్టి,
తర్వాత వాగు,
ఆ తర్వాత దారి ఎవరినైనా అడగాలి.
రెండు పడవల మీద కాళ్ళు పెట్టకూడదంటారు గాని
ఈ జాతి బండికి పనే అది.

ఎన్ని సీసీలని అడగలేదు తను.
"నా కాళ్ళు నేలకి అందుతాయా మావయ్యా" అంది.
అప్పుడే నాకు కాస్త ధైర్యమొచ్చింది.

రెండో బండి దుర్యోధన్ సబర ఇంట్లో,
వంశధార ఇసకలోకి దిగే వీధి చివర.
దుమ్ము కూడా తుడవలేదు.
ఇంజను కుండలో నీళ్ళంత చల్లగా ఉంది.
ముందు చక్రం పైకెత్తి హ్యాండిలు తిప్పితే
సరిగ్గా మధ్యలో చిన్న నొక్కు.
"బాల్‌రేసు పోయింది" అన్నాను.
"హఁ, గలా" అన్నాడు.
"ఫోర్కు సీలు కారుతోంది."
"రెండు నెలలైంది."
ఊచల్ని స్పానరుతో ఒక్కొక్కటే మీటాను,
ముప్పైఆరింటిలో నాలుగు మూగవి.
ఎయిర్ ఫిల్టరు మూత తీస్తే
పెట్టె లోపల గోధుమరంగు గీత,
వరదపోయాక ఇంటిగోడ మీద మిగిలే గీత.
అడగకముందే చెప్పాడు,
ఏ వాగులో మునిగిందో, ఎంతసేపు మునిగిందో,
లాగినవాళ్ళెవరో పేర్లతో సహా.

బేరం మొదలెట్టబోతున్నాను.
"ఒకసారి పడుకోబెట్టనా?" అంది అరుంధతి.
అతను ఉలిక్కిపడ్డాడు.
నేనూ.

ఇసకలోకి తోసుకెళ్ళింది.
పెట్రోలు కట్టేసింది, గేరులో వేసింది,
స్టాండు దించింది, కుడివైపుకి వాల్చింది.
ఇవేవీ నేను నేర్పలేదు.
సీటుకి నడుం ఆనించి, మోకాళ్ళు వంచి
వెనక్కి తోసింది.
సగం లేచి మళ్ళీ పడింది బండి.
చెప్పులు విడిచేసింది. చున్నీ నడుముకి చుట్టింది.
మేమిద్దరం ఒకేసారి ముందుకి అడుగేశాం,
"ఎవరూ రావొద్దు" అంది.
గోడని జరుపుతున్నట్టు వెనక్కి,
చిన్న చిన్న అడుగులు,
మడమలు ఇసకలో గోతులు చేస్తూ.
లేచి, స్టాండు మీదకి ఒరిగి, నిలబడింది.
"కొండ మీద నువ్వుండవు కదా" అంది,
మొహం తుడుచుకుంటూ.

నలభై ఏళ్ళుగా బళ్ళు కొనిపిస్తున్నాను జనానికి.
ఈ పరీక్ష నాకెప్పుడూ తట్టలేదు.

అతను ముప్పైఎనిమిది వేలన్నాడు. నేను ముప్పైఒకటి.
అతను ఒడియాలో, నేను తెలుగులో.
మధ్యలో తను సవరలో ఏదో అంది.
వాళ్ళిద్దరూ నవ్వారు, నాకు తెలీలేదు.
ముప్పైనాలుగు దగ్గర తెగింది.
ఆర్సీలో బ్యాంకు పేరు కొట్టేశారో లేదో రెండుసార్లు చూశాను,
కనీసం అదైనా నా పని.

తాళం ఇస్తూ చెప్పాడతను:
"మూడో గేరు ఆలస్యంగా పడుతుంది.
తొందరపెట్టకు, తిట్టకు."

రైలు గేటు దగ్గర ఆగిపోయింది బండి.
వెనక లారీ, ఆటోలు, మేకలవాడు, ఒకటే హారన్లు.
మళ్ళీ స్టార్టు చేసింది, మళ్ళీ ఆగింది.
తను వెనక్కి తిరిగి చూడలేదు.
నేను టీకొట్టు పక్కన నిలబడి
రెండు చేతులూ జేబుల్లోనే ఉంచుకున్నాను.