స్టేజీ లేని చోట

కోయిల్‌సాగర్ నీళ్ల మీద ఇంకా వెలుగు పడలే.
రబ్బరు టోపీలు పెట్టుకున్న నూట ముప్పై తలలు,
అందుల ఒకటి నాది.
పాలమూరు డిపో, కండక్టరు, వయసు నలభై మూడు.

ఈల ఊదిన్రు.
పంతొమ్మిదేండ్లు నేనూదిన ఈల
ఇయ్యాల నా కోసం ఎవరో ఊదిన్రు.

చిన్నప్పుడు మా అన్నదమ్ములు బాయిల దుంకుతుంటే
గడ్డ మీద వాళ్ల బట్టలకు నేను కాపలా.
ఈత వచ్చింది నలభై ఒకటో ఏట,
పగటీలి రెండు గంటల ఆడోళ్ల బ్యాచిల.
మీసం సరిగ్గ రాని ప్రణీత్ సారు
"నీళ్లను కొట్టకండి మేడం, తోయండి" అనేటోడు.
తోసుడు నాకు తెల్వదా?
జాతర నాటి బస్సుల ఇంజను కాడి నుంచి వెనక డోరు దాకా
మనుషులను తోసుకుంటనే కద బతికింది.

నడిమిట్ల ఒకసారి, అడుగు అందుతదేమోనని
కాలు కిందికి జాపిన.
చల్లటి చీకటి పాదాన్ని ముట్టి ఇడిసిపెట్టింది.

సైకిలెక్కినంక దారి నాదే.
దేవరకద్ర, మరికల్, జక్లేర్.
ఈ రోడ్డు నాకు కిలోమీటర్లల్ల తెల్వదు, ఛార్జీలల్ల తెలుసు.
యాడ ఐదేండ్ల పిల్లను ఒళ్లె దాస్తరో,
యాడ పుణె పోయే మూటలు, పలుగులు, పారలు
మనుషుల కంటె ముందు ఎక్కుతయో.
కానీ మరికల్ దాటినంక ఇంత ఎక్కుడు ఉందని
ఒక్కనాడు తెల్వలే.
గేరు మారిన చప్పుడు వినేదాన్ని, అంతే.
అది మోకాలుతోని మార్చేదని ఇయ్యాల తెలిసింది.

సెకండ్‌హ్యాండ్ సైకిలు.
మహమూద్ భాయ్ గ్యారేజీల గ్రీజు పెట్టి ఇచ్చిండు:
"బస్సుకు పెట్టేదే, యాడా ఆగదు."
మన బస్సులు ఆగుతయి కద భాయ్,
అని నేను అనలే.

వెనక హారన్.
సగంల గొంతు పట్టేసే హారన్, నా బస్సుదే.
బుగ్గన్న పక్కకొచ్చి నెమ్మది చేసిండు.
కిటికీల నిండ మొఖాలు.
"అగో, మన కండక్టరమ్మ!"
"బస్సు అమ్ముకున్నరా ఏంది తల్లీ?"
ఒక అవ్వ జామకాయ పట్టుకొని చెయ్యి జాపింది.
బయటోళ్ల చేతిది తీసుకోవద్దని రూలు.
వద్దవ్వా అన్న. నా కండ్లు మాత్రం కాయెంట పోయినయి.
ఎక్కుమనలే బుగ్గన్న.
అక్కడ స్టేజీ లేదని ఆయనకు తెలుసు, నాకు తెలుసు.

ఇంక ఉరుకుడు. కట్ట మీద, నెత్తి మీది ఎండల.
పదమూడో కిలోమీటరు కాడ కుడి పిక్క పట్టేసింది.
లోపల ఎవరో "హోల్డాన్!" అని అరిచిన్రు.
గొంతు నాదే.
నిలబడ్డ.
రోజుకు రెండొందల కిలోమీటర్లు నిలబడే పోతా,
నిలబడుడు ఇంత కష్టమని ఎన్నడు అనుకోలే.
ఏడ్చిన కూడా.
వల సర్దుకుంటున్న పిల్లగాడు అడిగిండు:
"ఫస్టొచ్చినోళ్లు ఇంటికి వోయిన్రు.
నువ్వెందుకు ఇంక?"
సంచిల రూపాయి బిళ్ల దేవులాడినట్టు
జవాబు దేవులాడిన. దొరకలే.
"రైట్ రైట్" అన్న,
పిల్లగానితోనో, పిక్కతోనో.

టెంటు విప్పుతున్నరు. కుర్చీలు ఆటో ఎక్కుతున్నయి.
గడియారం ఒక్కటే ఇంకా విప్పలే.
ఎనిమిది గంటల ఇరవై ఒక్క నిమిషం.
గడువు ఎనిమిదిన్నర.
పతకం వేసిన పిల్ల పేరడిగింది.
అంజిలమ్మ అన్న.
మైకుల "అంజలి గారు" అని చదివింది.
దిద్దే ఊపిరి లేదు.

తెల్లారి ఐదు పదికి ఫస్టు బస్సు.
కమ్మీలు పట్టుకొని మూడు మెట్లెక్కిన.
కాలికేమైందమ్మా అన్నరు.
ఏం లేదు, ముందుకు జరుగుండ్రి అన్న.
పతకం సంచిల, చిల్లర కింద, గల్లుమనకుండ.

మరికల్ దాటినంక
సున్నంతోని గీసిన బాణం ఇంకా రోడ్డు మీదనే ఉంది.
బస్సు దాని మీంచి పోయింది.
ఎక్కుడు మొదలైంది.
బుగ్గన్న గేరు మార్చకముందే
నా మోకాలు మార్చింది.