మసక

తాడిపత్రి బండల ఫ్యాక్టరీ నుంచి
తొలి బస్సుకే అనంతపురం వచ్చింది సుంకులమ్మ.
బీడీ ముట్టలేదు, చుట్ట ముట్టలేదు.
ఇరవై రెండేళ్లు పాలిష్ మిషను పక్కన నిలబడింది, అంతే.

ఊపిరి బిగబట్టమంటే బిగబట్టింది,
ఎప్పటినుంచో అదే పని అన్నట్టు.

తెర మీద ఆమె కుడి ఊపిరితిత్తిని
పొర తర్వాత పొర దించుకుంటూ పోతున్నాను.
పై తమ్మెలో ఒక మసక.
బస్సు అద్దం మీద ఎవరో ఊదిన ఆవిరిలాగా
వెనకున్న నెత్తుటి దారులు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

పద్నాలుగు మిల్లీమీటర్లు.
నడుమ జొన్నగింజంత గట్టితనం.
ఒకసారి నాలుగొచ్చింది, మళ్లీ కొలిస్తే ఆరు.
ఆ రెండింటి సందులో ఆమె సంవత్సరాలు.

అంచు నున్నగా లేదు.
ఒక నాళం దారి తప్పి అటే వంగింది.
పై పొర లోపలికి గుంజుకుంది,
కుట్టు బిగిసిన రైక గుడ్డలా.

గడప లోపలే ఉందా, దాటిందా?

"ఏముండాదమ్మా లోపల?"
జవాబు రాక, నేనే అడిగాను,
బండలో నెర్రె ఉంటే మీకెట్లా తెలుస్తుందని.
"కొట్టి ఇంటాం. కంగుమంటే మంచిది.
మొద్దుగా పలికితే నెర్రె."
తప్పు పోదా?
"పోతాది. కోసినాకనే గదా తెలిసేది."

రిపోర్టులో 'అనుమానం' అని రాశాను.
చాలాసేపు ఆగి,
ముందు 'బలమైన' అని చేర్చాను.

ఆమె లేచిన బల్ల మీద సన్నని బండపొడి.
తుడవబోయిన ఆయాను
ఆగమన్నాను, ఎందుకో.