ఎర్ర గుడ్డ పరీక్ష

ఉస్తా మహ్రూస్ మొదటిసారి వచ్చినప్పుడు
చేతులు జేబుల్లోంచి తీయలేదు.
కైరోలో ఏప్రిల్. గాలినిండా ఇసుక.
నా గదిలో ఫ్యాను ఆ వారమంతా తిరగలేదు.

"అందం సంగతి వదిలేయండి డాక్టరమ్మా,
దారం పట్టుకుంటోంది," అన్నాడు.

బాబ్ జువైలా దాటాక, పైన కప్పున్న వీధిలో
ముప్పై ఎనిమిదేళ్లుగా డేరా గుడ్డల మీద
తామరలు, పిట్టలు, నక్షత్రాలు కుడుతున్నాడు.
సూది కుడిచేతిది.
ముక్క అంచుని లోపలికి మడిచి గీత పెట్టేది
ఎడమ బొటనవేలి గోరు.
ఇస్త్రీపెట్టె దానిముందు దిగదుడుపే.

బల్ల మీద పరిచాడు
పది గరుకు కాగితం ముక్కలు:
నిలువు చారలు, సూదిమొన గుంటలు,
కొసల్లో ఉల్లిపొరల్లా విడిపోతూ.
ఫంగస్ కాదు, పరీక్ష చేయించాం.
మరెందుకొచ్చిందన్నాడు.
తెలియదన్నాను.
ఇన్నేళ్ల చదువులో నాకు తడబడకుండా వచ్చిన మాట అదొక్కటే.

చుట్టూ చర్మానికి వాజలిన్‌తో గట్టు కట్టి
కుడి గోళ్లకు గ్లైకాలిక్ ఆమ్లం,
ఎడమవాటికి ట్రైక్లోరో అసెటిక్.
ఏది మేలో ఒకే మనిషి మీద తేలుతుందని.
మొదటిది చెరకులోనూ ఉంటుందని చెప్తే
"మా అమ్మది కినా. చెరకు మాకు ద్రోహం చేయదు," అని నవ్వాడు.
రెండోదాని ఘాటుకి ముక్కు చిట్లించి
"ఇది మా మామగారి తరఫు."

రెండు వారాలకొకసారి
ఆస్తి పంపకానికొచ్చిన అన్నదమ్ముల్లా
బల్లకు చెరో పక్కన ఆ చేతులు.
గడియారం వైపు నేను,
ఫ్యాను వైపు అతను.
మండుతోందా?
"గోటికి నొప్పేమిటి!"
బల్లకింద మడమ మాత్రం నేలను తడుతూనే ఉండేది.

గోరు తొందరపడదు.
నెలకి మూడు మిల్లీమీటర్లు,
సర్కారు జీతం పెరిగినట్టు.

ఏడోసారి, నేను తీసిన ఫోటోలు చూడనే లేదు,
సంచిలోంచి ఎర్ర గుడ్డ తీశాడు.
పలచని నేత. ఊరికే పోగు లేస్తుంది.
ఎడమ బొటనవేలు మీదుగా లాగాడు,
జారింది.
చూపుడువేలు, నడిమివేలు, జారింది.
కుడివైపు ఉంగరపు వేలి దగ్గర
ఒక్క క్షణం ఆగింది,
నా ఊపిరీ ఆగింది,
జారింది.
చిటికెనవేలి దగ్గర టక్కుమని పోగు లేచింది.

నేను సీసా మూత తిప్పబోతే
చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.
"దాన్నలా వదిలేయండి. అది పని చేసే వేలు కాదు.
టీ గ్లాసు ఎత్తినప్పుడు గాల్లో నిలబడుతుందంతే."
లేచిన పోగుని పంటితో కొరికి
గుడ్డ మడిచి
ఎడమ బొటన గోటితో అంచు మీద గీత పెట్టాడు,
ఎవరూ పెట్టమనకపోయినా.

నా పట్టికలో ఎడమచేయి గెలిచిందని రాశాను,
గోరంత తేడాతో.
ఆఖరి గడి మిగిలింది: రోగికి తృప్తి, పదికి ఎంత?
అడిగాను.
వేళ్లు లెక్కపెట్టుకుని
తొమ్మిదన్నాడు.