వాలు

నెల్లూరు నేల చేటలాగా చదునంటారు
మళ్లు దున్నేవాళ్లు.
వాళ్లకి తెలీదు.
ఏడాదిగా ఈ జిల్లాలో వాలు యాడ యాడ ఉండాదో
బాడుగల పుస్తకం వెనక అట్టమీద రాసుకుంటా ఉండా.

పెన్న బ్రిడ్జి దాటినాక కోవూరు వైపు మంచి దిగుడు.
కనుపూరు కాలువ కట్ట, సన్నంది, పగలైతేనే.
ఆత్మకూరు బంకు గేటు, మూడు బారలు,
రెండో గేరులో క్లచ్చి వదిల్తే చాలు.
బుచ్చిలో ఏమీ లేదు.
బుచ్చి బాడుగొస్తే జొరమని చెప్పి
రెండుసార్లు పోగొట్టుకున్నా.

ఇంజనుకేం రోగం లేదు.
నాలుగు లక్షల ముప్పై ఎనిమిది వేలు తిరిగిన ఇండికా,
పొగ నలుపు, గొంతు బొంగురు,
అంటుకుందంటే తిరపతి దాకా ఆగదు.
అంటుకోవాలి గదా.
డీజిలు బండి పొద్దున్నే లేవాలంటే
నేలమీది వడ్ల బస్తా భుజానికెత్తినట్టు
బలమంతా ఒక్క దెబ్బలో కావాలి.
ఆ తర్వాత రోజంతా బ్యాటరీకి పనే లేదు.

వేణ్ణీళ్లు పోసి టెర్మినళ్ల తెల్లబూజు కడిగా.
వాజలీను పూశా.
డిస్టిల్ వాటర్ తాగించా.
బానెట్టు మూసి, ఇంకో నెల, అనుకున్నా.
పదకొండు నెలలు అట్టనే అనుకున్నా.

మార్గశిరంలో నర్సు ఎస్తేరమ్మ బాడుగ,
చేజెర్ల పక్కన ఒక ఊరు, టీకాల పెట్టె ఒళ్లో పెట్టుకొని.
బడి ముందర నేల అరచెయ్యి మాదిరి.
ఇంజను ఆపకుండా గంటన్నర కూర్చున్నా.
"డీజిలు నీదే గదా మాల్యాద్రీ, ఎందుకట్టా కాల్చుకుంటావు?"
"ఇంజను వేడిగుండాలమ్మా" అన్నా.

ఒంటేలుకని అట్టా పోయొచ్చేలోపల
మూడో తరగతి పిల్లోడొకడు
కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పేశాడు.

ఎంత నిశ్శబ్దం!
బడి గంట తాడు ఊగే చప్పుడు కూడా వినపడింది.
టక్. టక్. టక్. అంతే.

నర్సమ్మ కొంగు దోపుకుంది.
వంటామె గరిటె పక్కన పెట్టింది.
సూదులేయించుకున్న బిడ్డల్ని గట్టు మీద కూర్చోబెట్టి
తల్లులొచ్చారు.
తాళం తిప్పిన పిల్లోడు అందరికంటే ముందు,
పళ్లు బిగబట్టి.
ఏడ్చే బిడ్డలు ఏడుపాపి చూస్తా ఉండంగా
మూడో తోపుకి దగ్గింది ఇండికా,
అందరి మొహాల మీదా మసి కొట్టింది.

దార్లో ఆమె అనింది:
"నా ఐసు ఎంతసేపు ఆగుద్దో నాకు తెలుసు.
గంటగంటకీ మూతెత్తి చూస్తా.
నువ్వు మూత తియ్యడానికే భయపడతుండావు."

స్టోన్‌హౌస్‌పేటలో గౌస్ భాయ్ మీటరు పెట్టాడు.
పన్నెండున్నర.
"బానే ఉండాదే!" అన్నా, దొంగ దొరకనట్టు.
నవ్వి, లోడు టెస్టరు తగిలించాడు.
తొమ్మిదికి దిగి, అక్కడా నిలబడక,
కళ్లు తేలేసినట్టు ముల్లు వాలిపోయింది.
"ఊరికే కూర్చున్నప్పుడు అంతా పన్నెండున్నరే భాయ్.
రోహిణి ఎండకే లోపల ప్లేట్లు చెడినాయి.
బయటపడేది ఇప్పుడు. అందరూ మంచును తిడతారు."

పాతదాన్ని తూకమేసి పదమూడొందలు తగ్గించాడు.
అయిదేళ్లు మోసినదాన్ని
చివరికి మొయ్యాల్సింది మనమే, ఎంత బరువో.

కొత్తది తాళం తగలంగానే పలికింది.
నేరుగా బుచ్చి పొయ్యా, బాడుగ లేకుండానే.
బజారు మధ్యలో, చదునులో, ఆపా.
మళ్లీ తిప్పా. మళ్లీ ఆపా.
సోడా బండి అతను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు.

రాత్రికి మాత్రం కాలువ కట్ట మీదే,
ముక్కు కిందికి పెట్టి.
టైరుకి అడ్డంపెట్టే చీమకుర్తి రాయి
ఇంకా డిక్కీలోనే ఉండాది.
అది పెట్టి, లోపలి లైటు ఏసుకొని
అట్ట మీద చివరి గీత కింద రాశా:

చేజెర్ల బడి.
వాలు లేదు.
మనుషులుండారు.