రెండు లెక్కలు

పొద్దున్నే ఆరింటికి
కరీబా ఆనకట్టకి చాలా ఎగువన, సియాంజో రేవులో,
చెప్పులు చేత పట్టుకుని బురద దాటి
తెల్ల పలక మీది నల్ల అంకె చదవడం నా ఉద్యోగం.
నాలుగు వందల డెబ్భై ఆరు పాయింట్ మూడు.
ఫోన్‌లో చెప్తాను. అవతల ఎవరో రాసుకుంటారు.
మళ్లీ చెప్పమంటారు, నమ్మలేక.

ఆ తర్వాత బినా చోల్వే గుమ్మంలో ఇంకో లెక్క అప్పజెప్పాలి.
సొరబుర్ర హుక్కా గుడగుడ ఆపి అడుగుతుంది:
"ఎందాకా దిగింది?"
మీటర్లు ఆమెకి అక్కర్లేదు.
"మొపానే మోళ్ల మెడల దాకా," అంటాను.
వారం పోయాక, "భుజాలు."
ఇంకో నెలకి, "నడుములు కనిపిస్తున్నాయమ్మా."
అరవై ఆరేళ్లుగా నీళ్లలో నిలబడ్డ చెట్లవి.
చచ్చాయి గానీ పడిపోలేదు.

లారీ ఎక్కించిన నాటికి ఆమెకి పదకొండేళ్లు.
ఎక్కనని కూలబడ్డ వాళ్లమ్మని
గోనెలతో పాటే ఎత్తి లోపల పెట్టారట.
"జొన్న పాలకంకి మీదుంది" అంటుంది,
"ఇంకో ఇరవై రోజులు ఆగలేకపోయారు."
నది పేరు మాత్రం నోట రానివ్వదు.
'అది' అంటుంది,
మాటల్లేని పాలోళ్ల గురించి చెప్పినట్టు.

ఈ ఏడు వాన మొహం చాటేసింది.
టర్బైన్లు ఒక్కోటీ ఆపేస్తున్నారు.
లుసాకాలో మా అన్న కొడుకు వెల్డింగ్ షాపు
రాత్రి రెండు నుంచి నాలుగు దాకే.
రేడియోలో పాస్టర్లు ఆకాశాన్ని బతిమాలుతున్నారు.
మా ఊరి మీదుగా పోయే తీగలు
మా ఊళ్లో ఎన్నడూ దిగలేదు.
చీకటి మాకు కొత్త కాదు,
అదొక వార్త కావడమే కొత్త.

ఒక సాయంత్రం ఆమె ఇంట్లో
తట్ట కింద మూట కనిపించింది.
జొన్న విత్తనం. బూడిద పట్టించి, గుడ్డలో బిగించి.
పక్కనే కొత్త పిడి వేసిన పార.
"ఇంకో రెండు నిలువులు దిగితే
మా అమ్మ చెలక తేలుతుంది" అంది, గొంతు తగ్గించి.
దేశమంతా మబ్బు కోసం మెడలు నొప్పెట్టేలా చూస్తుంటే
ఒక్క ముసలమ్మ వాన వద్దని మొక్కుకుంటోంది.
నేనెవరికీ చెప్పలేదు.
నేను చదివే అంకెలో
పాయింట్ తర్వాత ఒక్క గడే ఉంటుంది.

ఎక్కడో అంగోలాలో పడ్డ వాన
నెలల తరబడి నడిచి వచ్చింది.
పలక మీద నాలుగు వేళ్లు పెరిగింది.
ఆఫీసులో చప్పట్లు ఫోన్‌లోకి వినపడ్డాయి.
ఆమెతో మాత్రం, "నిన్నటి చోటే" అన్నాను.
మూడు రోజులు అన్నాను.
నాలుగో రోజు ఆమె నా మొహం చూడలేదు,
ప్యాంటు చూసింది.
ఏడాదంతా పిక్క దాటని తడి
మోకాలెక్కి కూర్చుంది.

ఏమీ అనలేదు.
హుక్కా గోడకి ఆనించి లోపలికి వెళ్లి
మూట విప్పి, నా దోసిలి నిండా పోసి,
"వెనక రాళ్లల్లో చల్లేసి పో" అంది.
"మొలవదులే. పురుగుకి పెట్టడం దేనికని."

మర్నాడు అంకె చెప్పాను.
మళ్లీ చెప్పమన్నారు, సంతోషంతో.
ఫోన్ పట్టుకున్న చేతి
గోళ్ల సందుల్లో ఇంకా బూడిద.