రెల్లు కప్పేవాడి కుడి చెవి

నలభై ఒక్క ఏళ్ళు నిచ్చెన మీదే బతికాను.
లెమ్విగ్ చుట్టుపక్కల ఏ ఇంటి నడికొప్పు చూసినా
నా మోకాళ్ళ గుర్తులుంటాయి.
పడమటి గాలి చొక్కాలో దూరి
నన్ను తెరచాపను చేసిన రోజున కూడా పడనివాణ్ణి,
పక్క మీద పడ్డాను.

ఏం లేదు, అలారం ఆపుదామని
కుడివైపు ఒత్తిగిల్లాను, అంతే.
గది ఎవరో తాడు లాగి వదిలిన బొంగరమైంది.
దూలం కిందికి, కిటికీ పైకి,
టోవె ముఖం నాలుగుచోట్ల.
"ఇల్లు పడిపోతోంది" అని అరిచానట.
"రాత్రి ఎంత తాగావు?" అంది.
రెండే గ్లాసులు.
అదీ ఆమె తమ్ముడి పుట్టినరోజని.

పదకొండు రాత్రులు కుర్చీలోనే నిద్ర.
పగలు గోడ పట్టుకుని నడక.
తల ఎత్తితే చాలు, కడుపులో సముద్రం.
తల ఎత్తకుండా కప్పు వేసేదెలా?
మాల్తె, పందొమ్మిదేళ్ళ కుర్రాడు, పైనుంచి
"ఈ మూల ఎలా కట్టాలి?" అని కేకేస్తే
నా బూట్లకేసి చూస్తూ జవాబు చెప్పాను.

సీనె దగ్గరికి భయంభయంగానే వెళ్ళాను.
కైరోప్రాక్టర్ అంటే మెడ పుటుక్కుమనిపించే మనిషని
చేపల రేవులో అందరూ అనేదే.
మెటికలు విరిచినట్టు నన్నూ విరుస్తుందని
కాలరు గుండీ పైదాకా పెట్టుకుని కూర్చున్నాను.

ఆమె మెడ జోలికే రాలేదు. ముందు ప్రశ్నలు.
మాట తడబడిందా? ఒకటి రెండుగా కనిపిస్తోందా?
చెయ్యి తిమ్మిరెక్కిందా?
ఒక్కదానికి ఔనన్నా
ఇటునుంచి ఇటే ఆసుపత్రికి పంపుతానంది.
వేలితో ముక్కు ముట్టుకోమంది,
గీత మీద నడవమంది.
తాగుబోతుల పరీక్షే.
టోవె అక్కడుంటే సంతోషించేది.

బల్ల మీద వెనక్కి వాల్చి
తల కుడికి తిప్పి పట్టుకుంది.
ఒకటి, రెండు, మూడు...
వచ్చేసింది.
"కళ్ళు మూసుకోకండి, నా ముక్కు చూడండి."
ఆ ముక్కు చక్రాలు కట్టుకుని పోతోంది.
మర్యాద మరిచి ఆమె మోచెయ్యి పట్టేశాను.
"మీ కళ్ళే చెబుతున్నాయి," అంది,
"తప్పు మెడది కాదు, చెవిది."

లోపలెక్కడో సున్నపు రవ్వలట,
ఇసుక కంటే సన్నం.
ఉండాల్సిన చోటు వదిలి పక్క గొట్టంలోకి జారితే
తల ఆగినా అవి ఆగవట,
అవి ఆగేదాకా లోకం ఆగదట.
నాకు వెంటనే అర్థమైంది.
కప్పులో ఒక్క కట్టు వదులైతే
రెల్లు జారి జారి చూరు దాకా వస్తుంది.
మళ్ళీ పైకి పంపాలి,
కొట్టి కాదు, తట్టి.

అదే చేసింది.
కుడికి అర నిమిషం. ఎడమకి అర నిమిషం.
పక్కకి దొర్లించి, ముక్కు నేలను చూసేట్టు ఇంకో అర నిమిషం.
కిటికీ బయట సముద్రపు పిట్ట ఒకటి
ఒంటికాలి మీద నిలబడి నన్నే చూస్తోంది.
నిలబడటం అంత తేలికా నీకు, దొంగపిట్టా?
తర్వాత లేపి కూర్చోబెట్టింది, గడ్డం కిందికి.
ఏ ఎముకా చప్పుడు చెయ్యలేదు.
పసిపిల్ల పళ్ళెంలో గోళీని
గుంటలోకి నడిపించినంత ఓపిక.

"తగ్గినట్టేనా?"
"చెప్పలేను. వచ్చే వారం చూద్దాం.
తగ్గినా మళ్ళీ రావచ్చు.
ఈలోపు నిచ్చెన వద్దు."
మాట ఇవ్వని మనిషిని నమ్మడం నాకు తేలిక.
కప్పు ఎన్నాళ్ళుంటుందని అడిగితే
నేనూ గాలినే చూపిస్తాను.

ఆ రాత్రి మంచం మీద పడుకున్నాను.
తెల్లవారుజామున, ఎడమచేత్తో పరుపు అంచు పట్టుకుని
అంగుళం అంగుళం కుడికి ఒత్తిగిల్లాను.
ఒకటి. రెండు. మూడు.
ముప్ఫై దాకా లెక్కపెట్టాను.
దూలం దూలంలాగే ఉంది.
మోగకముందే గడియారం అందుకుని
గొంతు నొక్కేశాను.

టోవె నిద్ర నటిస్తోందని తెలుసు.
"ఏమైంది?" అంది.
"ఏమీ కాలేదు."
పరుపు అంచు మాత్రం
ఇంకా వదల్లేదు.